చెయ్యి వాచింది, ఎవరి చేతిలో పెట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వాపుల గురించీ, 'లింఫ్ మసాజ్' గురించీ ఉన్నాయి. అందుకే మోకాళ్లనీ నడుముల్నీ వచ్చే సంచికకి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి. లింఫ్ అంటే ఒంట్లో కణాల మధ్య నుంచి సన్నటి గొట్టాల్లో చేరి మళ్లీ రక్తంలో కలిసే నీరు, అది దారి లేక నిలిచిపోతే వచ్చే వాపే లింఫెడిమా.

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఎడమ రొమ్ముకి క్యాన్సర్ ఆపరేషన్ అయింది. చంకలో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) కూడా తీసేశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఈమధ్య ఎడమ చెయ్యి బరువుగా ఉంటోంది, గాజులు ఎక్కట్లేదు, జాకెట్టు ఆ చేతికి మాత్రమే బిగుతవుతోంది. డాక్టరుగారు లింఫెడిమా అన్నారు, 'లింఫాటిక్ డ్రైనేజ్ మసాజ్' అని చీటీ మీద రాసిచ్చారు, ఎవరి దగ్గర అన్నది చెప్పలేదు. మా ఊళ్లో ఒక బ్యూటీ క్లినిక్, ఇంటికొచ్చి చేస్తానంటున్న ఒకావిడ, ఒక ఫిజియోథెరపీ సెంటర్, ముగ్గురూ మాకు సర్టిఫికెట్ ఉందనే అంటున్నారు. ఎవర్ని నమ్మాలి? పైగా అమ్మ ఒళ్లు చూపించుకోవాలంటే చాలా సిగ్గుపడుతోంది.
— ఓ కూతురు, గుంటూరు

జవాబు: ఆ చీటీ సంగతి చదివి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు గానీ చికాకు వేసింది. క్యాన్సర్ దాటి వచ్చిన మనిషికి చెయ్యి వాస్తే మసాజ్ అని ఒక్క ముక్క రాసి పంపేస్తే ఎలా? ఎవరి దగ్గర, ఎన్నాళ్లు, దాంతో పాటు ఇంకేం చెయ్యాలి అన్నవి చెప్పాలి కదా. సరే, ఆ పని మనం చేద్దాం.

ఆ ముగ్గురిలో ఎవరు సరైనవాళ్లో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ మొదటిరోజు వెళ్లిన గంటలో మీరే కనిపెట్టేయొచ్చు. ఆ గదిలో నూనె సీసా ఉందా అని చూడకండి, కొలిచే టేపు ఉందా, కట్టు చుట్టలు ఉన్నాయా అని చూడండి. టేపూ కట్టూ లేని చోట లింఫెడిమాకి వైద్యం జరగదు, ఎంత మంచి మనిషైనా, ఎంత మెత్తటి చేతులైనా సరే.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానో చెప్తాను. చేతిలోని లింఫ్ ద్రవం ఎక్కువభాగం చంకలోని బిళ్లల గుండా వెళ్లి, చివరికి మెడ దగ్గర పెద్ద సిరలో కలుస్తుంది. బిళ్లలు తీసేసి, మిగిలిన చోట రేడియేషన్ కూడా ఇస్తే ఆ దారి ఇరుకైపోతుంది. చంకలో బిళ్లలు చాలావరకు తీసేసిన వాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వాపు వస్తుంది, ఒకటి రెండు బిళ్లలు మాత్రమే పరీక్షకి తీసినవాళ్లలో చాలా తక్కువ. కాబట్టి మీ అమ్మగారు ఏదో బరువు ఎత్తినందుకో, చెయ్యి సరిగ్గా చూసుకోనందుకో వచ్చిందని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోవద్దు.

ఇప్పుడు మసాజ్ సంగతి. శిక్షణ ఉన్నవాళ్లు చేసేది చూస్తే మొదటిసారి మీకు 'ఇదేం మసాజ్, నిమిరినట్టుంది' అనిపిస్తుంది. అదే సరైనది. లింఫ్‌ని పట్టుకునే సన్నటి గొట్టాలు చర్మానికి కాస్త కిందే ఉంటాయి, చర్మాన్ని నెమ్మదిగా లాగి వదిలితే అవి తెరుచుకుంటాయి, గట్టిగా నొక్కితే అణిగిపోతాయి. నూనె అవసరం లేదు, నూనె రాస్తే చెయ్యి జారిపోయి చర్మం సాగదు. ఒళ్లు ఎర్రబడకూడదు, నొప్పి పుట్టకూడదు. ఇంకో గుర్తు, వాళ్లు వాచిన చేతితో మొదలుపెట్టరు. ముందు మెడ, తర్వాత పొట్ట, బాగున్న కుడి చంక, ఎడమ గజ్జ, ఛాతీ, వీపు, అప్పుడు భుజం, అక్కణ్ణుంచి మోచెయ్యి, చివర్లో వేళ్లు. మీది కృష్ణా డెల్టా పక్కనే కాబట్టి చెప్పక్కర్లేదు, దిగువ కాలువలో పూడిక తియ్యకుండా ఎగువన తూములు ఎత్తితే నీళ్లు గట్లు తెంచుకుంటాయి తప్ప ముందుకి పోవు, ఇదీ అంతే. ఎవరైనా మీ అమ్మగారి వేళ్లు పట్టుకుని కింద నుంచి పైకి బలంగా పిండుతూ మొదలుపెట్టారంటే, వాళ్లకి తెలిసింది మామూలు మాలిష్ మాత్రమే. చెయ్యి వెనక్కి తీసుకుని, మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఈ పద్ధతి 1930ల్లో ఎమిల్ వోడర్ అనే డెన్మార్క్ ఆయన, ఆయన భార్య ఎస్ట్రిడ్ ఫ్రాన్స్‌లో పనిచేస్తున్నప్పుడు తయారుచేసింది, 1936లో పారిస్‌లో దాన్ని బయటపెట్టారు. వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లు ఎడతెగని జలుబుతో, మెడలో బిళ్లలు కట్టి వచ్చినవాళ్లు. తర్వాత జర్మనీలో ఫోల్డీ దంపతులు దానికి కట్లు, వ్యాయామం, చర్మ సంరక్షణ చేర్చి లింఫెడిమాకి పూర్తి చికిత్సగా తీర్చారు. ఈ కథంతా ఎందుకంటే, శిక్షణ తీసుకున్నవాళ్లని 'మీరు ఏ పద్ధతిలో నేర్చుకున్నారు' అని అడిగితే వోడర్ అనో, ఫోల్డీ అనో, ఆస్ట్రేలియా వాళ్ల కాస్లీ-స్మిత్ అనో, బెల్జియం వాళ్ల లెడక్ అనో టక్కున చెప్తారు, ఎక్కడ, ఎన్ని గంటలు అన్నది కూడా చెప్తారు. అమెరికాలో ఈ విద్యకి పరీక్ష పెట్టే లానా అనే సంస్థ కనీసం 135 గంటల శిక్షణ ఉండాలంటుంది, అందులో మూడింట రెండు వంతులు చేతులతో చేసి నేర్చుకునేదే. ఇక్కడ ఆ నియమం వర్తించదు గానీ మనకి ఒక కొలబద్ద దొరికింది. శని ఆదివారాలు వర్క్‌షాప్‌కి వెళ్లి తెచ్చుకున్న కాగితం గోడకి వేలాడదీస్తే అది అలంకారమే. సర్టిఫికెట్ ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు, ఎన్ని గంటలది, కట్టు కట్టడం కూడా నేర్పారా అని అడగండి, సగంమంది అక్కడే నసుగుతారు.

మన దేశంలో మసాజ్ చెయ్యడానికంటూ విడిగా లైసెన్సు తప్పనిసరి లేదు, బోర్డు ఎవరైనా పెట్టేయొచ్చు. అందుకే నా ఓటు ముందు ఫిజియోథెరపీ డిగ్రీ ఉన్నవాళ్లకి, ఆ పైన లింఫెడిమాలో శిక్షణ తీసుకున్నవాళ్లకి. ఉత్త డిగ్రీ కూడా చాలదు సుమా. చాలామంది ఫిజియోలు కాలేజీలో దీన్ని ఒక పాఠంగా చదివి వదిలేసినవాళ్లే, నేను మా వాళ్ల మీదే చెబుతున్నాను. మోకాలికి కరెంటు పెట్టడంలో ఎంత అనుభవం ఉన్నా ఇది వేరే పని. రొమ్ము క్యాన్సర్ తర్వాత చెయ్యి వాచినవాళ్లని ఈమధ్య ఎవరినైనా చూశారా, వాళ్లకి ఎంత తగ్గింది అని మొహమాటం లేకుండా అడగండి.

మొదటిరోజు మంచివాళ్లు మీతో చాలాసేపు మాట్లాడతారు, ఆపరేషన్ కాగితాలు అడుగుతారు, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి మణికట్టు నుంచి పైదాకా కొన్ని సెంటీమీటర్లకోసారి టేపు పెట్టి కొలిచి రాసుకుంటారు. ఆ కొలతలు లేకపోతే నెల తర్వాత తగ్గిందా లేదా అన్నది ఎవరి నోటి మాట వాళ్లదే అవుతుంది. గుండె జబ్బు ఉందా, కిడ్నీలు బాగున్నాయా, ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, థైరాయిడ్ ఎక్కువగా ఉందా, ఈమధ్య చలిజ్వరం వచ్చిందా, ఇవన్నీ అడగాలి. గుండె సరిగ్గా పనిచెయ్యని మనిషికి ఒంట్లో నీరు ఒక్కసారి లోపలికి తోస్తే ఊపిరాడదు, కొత్తగా గడ్డకట్టిన చోట రుద్దితే ఆ గడ్డ కదిలే ప్రమాదం ఉంది. ఇవేవీ అడగకుండా 'పడుకోండమ్మా' అన్నారంటే వాళ్లకి ప్రమాదం ఎక్కడుందో తెలీదన్నమాట. వాపు ఉన్నట్టుండి బాగా పెరిగినా, నొప్పి, తిమ్మిరి తోడైనా మళ్లీ క్యాన్సర్ ఏమైనా ఉందేమో, సిరలో గడ్డ ఉందేమో డాక్టరు చూసి కాదన్నాకే మసాజ్ సంగతి.

ఇప్పుడు కట్టు. అసలు పని చేసేది ఇదే, మసాజ్‌కి పేరొచ్చింది అంతే. అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ 2015 సమీక్ష ప్రకారం రొమ్ము క్యాన్సర్ తర్వాతి చేతివాపు కట్టుతోనే 30 శాతానికి పైగా తగ్గింది, మసాజ్ చేర్చితే ఇంకో 7 శాతం దాకా అదనంగా తగ్గింది, అదీ వాపు మరీ ముదరని వాళ్లలో ఎక్కువ. మసాజ్ వద్దని కాదు, కట్టు లేని మసాజ్‌కి డబ్బులు పోస్తే సాయంత్రానికి నీరు మళ్లీ చేరిపోతుందని. కట్టు అంటే మెడికల్ షాపులో దొరికే క్రేప్ బ్యాండేజ్ కాదు, అది రబ్బరులా సాగి పడుకున్నప్పుడు కూడా నొక్కుతూనే ఉంటుంది, చెయ్యి కదిపినప్పుడు మాత్రం లొంగిపోతుంది. దీనికి వాడేవి తక్కువ సాగే కట్లు, కింద దూది పొర, ఒక్కోసారి ఫోమ్, వేలు వేలుకీ సన్నటి కట్టు, ఆ పైన వరసలు. మొదటి రెండు మూడు వారాలు దాదాపు రోజూ మసాజ్ చేసి, మళ్లీ కట్టి పంపుతారు, రాత్రి కూడా దానితోనే పడుకోవాలి. చెయ్యి తగ్గాల్సినంత తగ్గాక అప్పుడు కొలతలు తీసి స్లీవ్, అంటే చేతికి బిగుతుగా తొడుక్కునే తొడుగు, కుట్టిస్తారు. ముందే స్లీవ్ కొనిపించేవాళ్లని నమ్మొద్దు, వాపు మీద కొలిచిన స్లీవ్ వాపు తగ్గగానే వదులైపోతుంది, డబ్బు దండగ.

స్లీవ్ కూడా కలకాలం పనిచెయ్యదు, రోజూ వాడితే ఆరునెలలకి పట్టు సడలుతుంది. ఇదంతా కలిపి ఖర్చు ఎంతవుతుందో మొదటిరోజే అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. ముందే 20 సిట్టింగుల డబ్బు కట్టేయమనే ప్యాకేజీలకి దూరంగా ఉండండి. 'పూర్తిగా పోగొట్టేస్తాం' అని హామీ ఇచ్చేవాళ్లకి ఇంకా దూరంగా ఉండండి. కుదురుకున్న లింఫెడిమాని అదుపులో పెట్టుకుంటాం, బీపీని పెట్టుకున్నట్టే. పోదు, కానీ చెయ్యి మళ్లీ పనికొస్తుంది, గాజులూ ఎక్కుతాయి.

సిగ్గు గురించి. మీ అమ్మగారికి ఈ మసాజ్‌లో ఛాతీ, వీపు మీద కూడా చెయ్యి పెట్టాల్సి వస్తుంది, తప్పదు. కానీ ఏ భాగం మీద పనిచేస్తున్నారో అదొక్కటే తెరిచి మిగతాది దుప్పటితో కప్పి ఉంచడం శిక్షణలో భాగమే. ఆడవాళ్లే చెయ్యాలని అడగండి, అది గొంతెమ్మ కోరిక కాదు. దొరక్కపోతే మీరు గదిలోనే కూర్చోండి, ఎలాగూ మీరు నేర్చుకోవాలి కూడా. కూతుర్ని బయట కూర్చోమనే చోటు నాకైతే నచ్చదు.

గుంటూరులో వెతకడానికి ముందు ఆపరేషన్ చేసిన ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగానికే ఫోన్ చెయ్యండి. లేదంటే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె., బసవతారకం, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా లాంటి పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల వాళ్లని మీకు దగ్గర్లో లింఫెడిమా శిక్షణ ఉన్నవాళ్లు ఎవరో అడగండి. రెండు వారాలు ఎవరైనా బంధువుల ఇంట్లో ఉండి మంచి చోట మొదలుపెట్టి, ఇంటికొచ్చి కొనసాగించడం, ఊళ్లో తెలీని చేతుల్లో ఏడాదిపాటు పెట్టడం కన్నా చవక. ఇంకొక్కటి, ఇంట్లో అందరికీ చెప్పండి. ఆ చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే మసాజూ కట్టూ ఆపేసి, రేపటిదాకా ఆగకుండా ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది చర్మం కింద ఇన్‌ఫెక్షన్, యాంటీబయాటిక్ పడాలి. కూరలు తరిగేటప్పుడు తెగిన చిన్న గాటు నుంచి కూడా అది మొదలవుతుంది.

ప్రశ్న: మా ఆవిడకి ఇలాగే చెయ్యి వాపు ఉంది. రోజూ సెంటర్‌కి తిప్పడం నా వల్ల కావట్లేదు, షాపు మూసుకోవాల్సి వస్తోంది. వీడియోలు చూసి నేనే చెయ్యొచ్చా?
— కాకినాడ

జవాబు: చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. వీడియోలు చూసి మాత్రం మొదలుపెట్టకండి. థెరపిస్టుని 'నాకు నేర్పండి' అని అడగండి, మీరు చేస్తుంటే ఆ థెరపిస్టు చూసి దిద్దాలి. మగవాళ్ల చేతులు సాధారణంగా అవసరానికి మించి నొక్కుతాయి, అది ముందు మాన్పించాలి. మసాజ్ కన్నా కట్టు కట్టడం మీకు ఎక్కువ కష్టమవుతుంది, వేళ్ల దగ్గర బిగుతు ఎక్కువగా, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతూ రావాలి, తిరగేసి కడితే వేళ్లు ఉబ్బిపోతాయి. వేళ్ల చివర్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పెయ్యండి.

నేర్పమంటే 'అది మీ వల్ల కాదు, మా దగ్గరికే రావాలి' అనే థెరపిస్టు ఉంటే, ఆ మనిషి మీ ఆవిడ చేతికి కాక మీ జేబుకి వైద్యం చేస్తోందన్నమాట. సరిగ్గా నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ శిక్షణలోనే చెప్తారు, ఇంటివాళ్లకి అప్పజెప్పేదాకా పని పూర్తికాదని. బరువులు ఎత్తొద్దని పాతకాలంలో భయపెట్టేవాళ్లు, 2009లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనంలో కొద్దికొద్దిగా పెంచుకుంటూ బరువులు ఎత్తినవాళ్లకి వాపు పెరగలేదని తేలింది. స్లీవ్ వేసుకుని, ఒకరి పర్యవేక్షణలో మొదలుపెడితే వ్యాయామం మంచిదే. బిందె మోయించమని మాత్రం అనట్లేదు.

ప్రశ్న: నాకు కుడికాలికి బోదకాలు, ఇరవయ్యేళ్లుగా ఉంది. ఏడాదికి మూడు నాలుగుసార్లు జ్వరమొచ్చి కాలు ఎర్రగా వాస్తుంది. హైదరాబాద్‌లో లింఫ్ మసాజ్ చేయిస్తే కాలు సన్నబడుతుందని ఎవరో అన్నారు. వెళ్లమంటారా?
— నల్గొండ జిల్లా

జవాబు: ఇప్పుడే వెళ్లొద్దు. మీకు ముందు ఆ జ్వరాలు ఆగాలి, ఒక్కో జ్వరం వచ్చినప్పుడల్లా కాలు ఇంకాస్త గట్టిపడుతుంది. ఆ జ్వరాలకి కారణం పాత ఫైలేరియా పురుగు కాదు, వేళ్ల సందుల్లో, చర్మం మడతల్లో దూరే సూక్ష్మక్రిములు. అందుకే రోజూ రెండుపూటలా సబ్బుతో, గోరువెచ్చని కాదు మామూలు నీళ్లతో కాలు మెత్తగా కడగండి, ప్రతి మడతా, ప్రతి వేలి సందూ మెత్తటి బట్టతో అద్ది పొడిగా తుడవండి. గోకడం, బ్రష్‌తో రుద్దడం వద్దు. సందుల్లో పాసినట్టుంటే, పుండుంటే డాక్టరు ఇచ్చిన మందు రాయండి. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోండి, చీలమండ తిప్పుతూ ఉండండి, చెప్పులు లేకుండా బయటికి వెళ్లకండి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, కానీ క్రమం తప్పకుండా చేసినవాళ్లకి జ్వరాలు బాగా తగ్గుతాయి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి, కాలు కడుక్కునే సామాను కూడా ఇస్తుంటారు, నేర్పుతారు. తెలంగాణలో బోదకాలు బాధితులకి పింఛను ఉంది, మీకు రాకపోతే దానికీ అక్కడే కదలండి. ఊళ్లో ఏడాదికోసారి ఇచ్చే మాత్రలు కొత్తగా ఎవరికీ అంటకుండా ఆపడానికి, పాత వాపు వాటితో దిగదు.

జ్వరాలు ఆగి, చర్మం బాగుపడ్డాక అప్పుడు కట్టు, మసాజ్ పనికొస్తాయి. అప్పుడు కూడా పైన గుంటూరు అమ్మాయికి చెప్పిన ప్రశ్నలే అడగండి. కేరళలోని కాసర్‌గోడ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ అనే చోట బోదకాలుకి ఆయుర్వేదం, యోగా, కట్లు కలిపి చికిత్స చేస్తున్నారు, అంతదూరం వెళ్లగలిగితే ఆ దారీ ఉంది. కాలు ఎర్రగా మండుతున్నప్పుడు మాత్రం ఎవరి చెయ్యీ పెట్టనివ్వకండి, వేడి నూనె అసలే వద్దు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, కూర్చుని కూర్చుని సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి, పొద్దున్నే మొహం ఉబ్బరంగా ఉంటుంది. మా ఆఫీసు దగ్గర స్పాలో 'లింఫాటిక్ డీటాక్స్' అని పెట్టారు, పది సిట్టింగుల్లో ఒంట్లో విషాలన్నీ పోయి నాలుగు కిలోలు తగ్గుతామట. లైపోసక్షన్ (కొవ్వు తీసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లకి కూడా చేస్తామని రాసి ఉంది. నిజమేనా?
— కొండాపూర్

జవాబు: కాదు. విషాలు పంపే పని మీ కాలేయం, కిడ్నీలు చేస్తున్నాయి, వాటికి స్పా వాళ్ల సాయం అక్కర్లేదు. మసాజ్‌తో కొవ్వు కరగదు, మొహం ఉబ్బు కొన్ని గంటలు తగ్గొచ్చు, పెళ్లికో ఫోటోకో పనికొస్తుంది అంతే. హాయిగా అనిపిస్తే చేయించుకోండి, మీ డబ్బు మీ ఇష్టం, వైద్యం అనుకోకండి చాలు.

కాళ్ల ఉబ్బు సంగతి మాత్రం డాక్టరుకి చెప్పండి. ఒక కాలే ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పుడితే అది గడ్డ కావచ్చు, ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి, మసాజ్ బల్ల ఎక్కకూడదు. రెండు కాళ్లూ వాస్తే గుండె, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ ఏదైనా కావచ్చు, ఏమీ కాకపోవచ్చు కూడా. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఒక మాట చేరవెయ్యండి: బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల చీలమండలు వాయడం చాలా మామూలు. ఆ వాపుకి ఎన్ని మసాజ్‌లు చేయించినా తగ్గదు, డాక్టరు మాత్ర మారిస్తే తగ్గుతుంది. సొంతంగా ఆపెయ్యకండి గానీ అడగండి.

ఇదే స్పాలో లైపోసక్షన్ చేయించుకున్నవాళ్లకి కూడా చేస్తామని రాసి ఉందన్నారు. సర్జన్ చెప్పకుండా ఎవ్వరూ వెళ్లకూడదు. కుట్ల రంధ్రాల్లోంచి నీరు పిండి తీయడం లింఫాటిక్ డ్రైనేజ్ కానే కాదు, ఇన్‌ఫెక్షన్ తెచ్చుకోవడం.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అత్తగారు ఆరునెలలు ఉండటానికి వస్తున్నారు, ఆవిడకి క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చేతివాపు ఉంది, స్లీవ్ వాడుతున్నారు. ఇక్కడ 'లింఫాటిక్ మసాజ్' అని చాలా చోట్ల కనిపిస్తోంది. ఎలా ఎంచుకోవాలి? విమాన ప్రయాణం పర్వాలేదా?
— ఓ కోడలు

జవాబు: మీకు పని సులువు. పేరు పక్కన సీఎల్‌టీ అని ఉందా చూడండి, అంటే లింఫెడిమాకి పూర్తి శిక్షణ తీసుకున్న థెరపిస్టు, సీఎల్‌టీ-లానా అంటే ఆ పైన లానా పరీక్ష కూడా పాసైనవాళ్లు. ఆస్పత్రుల్లోని ఫిజికల్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ విభాగాల్లో ఎక్కువగా వీళ్లే ఉంటారు. మసాజ్ లైసెన్సు ఉన్నవాళ్లలో కూడా ఈ శిక్షణ పూర్తిచేసినవాళ్లు ఉన్నారు, తీసిపారెయ్యక్కర్లేదు, కానీ లైసెన్సు ఒక్కటే ఉంటే సరిపోదు. తెలుగు తెలిసినవాళ్లు దొరికితే అదృష్టమే, లేకపోతే మీరో మీ ఆయనో పక్కన ఉండాలి, 'నొప్పిగా ఉందా' అంటే మన పెద్దవాళ్లు ఉన్నా లేదనే అంటారు కదా.

డబ్బు దగ్గర జాగ్రత్త. అక్కడ పెద్దవాళ్లకి ఉండే ప్రభుత్వ బీమా మెడికేర్ 2024 జనవరి నుంచి ఈ స్లీవ్‌లకి చెల్లిస్తోంది గానీ అది అత్తగారికి వర్తించదు, విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకి సాధారణంగా ఇవ్వవు. అందుకే ఇక్కడ ఉండగానే కొత్త స్లీవ్‌లు రెండు, చేతి వేళ్లు కూడా వాస్తుంటే గ్లవ్‌తో సహా, కొలిపించి తెచ్చుకోమనండి. ఇక్కడి థెరపిస్టు దగ్గర చేతి కొలతలు, మసాజ్ క్రమం ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాయించి తీసుకురమ్మనండి, అక్కడివాళ్లు అక్కణ్ణుంచే అందుకుంటారు. విమానం పర్వాలేదు, వాపు ఉన్నవాళ్లు స్లీవ్ వేసుకునే ఎక్కాలి, మధ్యమధ్యలో పిడికిలి ముడిచి తెరుస్తూ ఉండాలి, బరువైన క్యాబిన్ బ్యాగు ఆ చేత్తో పైకెత్తకుండా ఎవరినైనా సాయం అడగాలి. ఉంగరాలు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోమనండి, గంటల ప్రయాణంలో వేలు ఉబ్బితే తియ్యడం కష్టం.